పాఠం వచ్చింది, మరి చదవడం వచ్చిందా?

రెండో తరగతి చదివే అమ్మాయి తెలుగు వాచకం తెరిచి పాఠమంతా గడగడా ఒప్పజెబుతుంది. పక్కన కూర్చున్న తండ్రి మురిసిపోతాడు. కాసేపటికి ఇంటికొచ్చిన పెళ్ళి రుఖా చేతికిచ్చి, 'ఇందులో ఊరి పేరేమిటో చదువు బేటీ' అంటాడు. అమ్మాయి నోరు మెదపదు. వాచకంలో ఉన్న అక్షరాలే రుఖాలోనూ ఉన్నాయి. అయితే ఆ పాఠం ఆమెకు కళ్ళతో రాలేదు, చెవులతో వచ్చింది. తరగతిలో అందరూ కలిసి అంటుంటే విని పట్టేసింది.

ఇలాంటి అనుభవం మనలో చాలామందికి ఉన్నదే. నాజిరా వేరు, హిఫ్జ్ వేరు అన్న సంగతి మన ఇళ్ళలో అందరికీ తెలుసు. చూసి చదవడం ఒక నేర్పు, కంఠస్థం చేయడం మరొక నేర్పు. మక్తబ్‌లో ఇంత స్పష్టంగా గుర్తించే ఈ తేడాను బడి చదువు దగ్గరికి వచ్చేసరికి మనం మరచిపోతున్నాం.

ఇది ఒక్క మన పిల్లల సమస్యే కాదు. 2022లో జరిగిన 'అసర్' సర్వే ప్రకారం, గ్రామీణ భారతంలో 5వ తరగతి పిల్లల్లో 2వ తరగతి స్థాయి పాఠం చదవగలిగినవారు 42.8 శాతం మాత్రమే. 2026-27 నాటికి ప్రతి బిడ్డా 3వ తరగతి ముగిసేలోగా చదవడం, రాయడం, లెక్కలు చేయడం నేర్చుకోవాలని కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో 'నిపుణ్ భారత్' కార్యక్రమాన్ని ప్రారంభించింది. 3వ తరగతినే హద్దుగా పెట్టుకోవడానికి కారణం ఉంది. అంతవరకు బిడ్డ చదవడం నేర్చుకుంటాడు. ఆ పైన లెక్కలైనా, సైన్సైనా చదివి నేర్చుకోవాలి. అక్కడ వెనుకబడిన బిడ్డ ప్రతి సబ్జెక్టులోనూ వెనుకబడతాడు. చివరికి బడి మానేస్తానంటాడు.

అరటిపండా, మౌజా?

మన కుటుంబాలు కొన్నింటిలో ఇంటి భాష తెలుగే. మరికొన్నింటిలో ఉర్దూ. ఉర్దూ మాట్లాడే ఇంటి బిడ్డ తెలుగు బడిలో అడుగుపెట్టగానే గోడమీది చార్టులో 'అ' పక్కన అరటిపండు బొమ్మ కనిపిస్తుంది. ఆ బొమ్మను చూసి బిడ్డ 'మౌజ్' అంటాడు. 'ఇ' పక్కన ఇల్లు బొమ్మను చూసి 'ఘర్' అంటాడు. బొమ్మ తెలుసు, మాట వేరు. అక్షరానికీ శబ్దానికీ ముడి పడదు. దీన్ని చూసి బిడ్డ మందమతి అనుకోవడం అన్యాయం. కలం, జేబు, కుర్చీ, రుమాలు, గులాబీ వంటి మాటలు రెండు భాషల్లోనూ ఉన్నాయి. ఉపాధ్యాయులు వీటితో మొదలుపెడితే ఆ బిడ్డకు దారి సులువవుతుంది.

యాభైకి పైగా ఉన్న అక్షరాలను, ఆపైన గుణింతాలను పూర్తిచేశాకే మాటలు చదివించాలన్న పట్టుదల కూడా మంచిది కాదు. క, ల, ప, డ, వ అనే ఐదు అక్షరాలు వస్తే చాలు, పలక, పడవ, కలప, వల, వడ చదవవచ్చు. కడప ఊరి పేరు కూడా చదవవచ్చు. బడిలో చేరిన కొద్ది రోజులకే బస్సు బోర్డుమీద ఊరి పేరు తనంతట తాను చదివిన బిడ్డకు చదువుమీద కలిగే ఇష్టం, నెలల తరబడి అక్షరాలు దిద్దినా కలగదు.

ఖాయిదా చదివిన తల్లి

'నాకు తెలుగు రాదు, పిల్లాడికి ఏం చెప్పగలను?' అని అడిగే తల్లులు ఎందరో ఉన్నారు. వారికి మేము ఒక మాట చెప్పదలచాము. అమ్మా, మీరు చిన్నప్పుడు ఖాయిదా చదివారు కదా? 'బే జబర్ బ, బే జేర్ బి, బే పేష్ బు' అన్నారు కదా? తెలుగులో తలకట్టు, గుడి, కొమ్ము చేసే పని అదే. జజమ్ చేసే పని పొల్లుది. తష్దీద్ ఉన్నచోట అక్షరాన్ని ఒత్తి పలుకుతాం. తెలుగులో అక్కడ ఒత్తు వస్తుంది. 'అబ్బా', 'అమ్మీ' అని రాయించండి, బిడ్డకు వెంటనే అర్థమవుతుంది. పొద్దున మక్తబ్‌లో నేర్చుకున్నదే మధ్యాహ్నం బడిలో పనికొస్తుందని తెలిస్తే బిడ్డకు సగం భయం పోతుంది.

అరబ్బీ, ఉర్దూ కుడినుంచి ఎడమకు సాగుతాయి. తెలుగు ఎడమనుంచి కుడికి. మొదట్లో కొందరు పిల్లలు తడబడి కుడివైపు నుంచి రాయబోతారు. కొట్టకండి, కసరకండి. పలకకు ఎడమ అంచున చిన్న చుక్క పెట్టి 'ఇక్కడ మొదలుపెట్టు' అంటే చాలు.

ఒక తేడా మాత్రం మరవకూడదు. ఖాయిదాలో ముందు ఉచ్చారణ చక్కబడాలి, అర్థం తర్వాత తెలుసుకుంటాం. తెలుగు పాఠంలో అలా కాదు. చదివిన ప్రతి వాక్యానికీ అర్థం తెలియాలి. అందుకే బిడ్డ ఒక పేజీ చదవగానే 'ఏం జరిగింది? తర్వాత ఏమైంది?' అని అడగండి. ఉర్దూలో అడిగినా ఫరవాలేదు, ఉర్దూలో జవాబు చెప్పినా ఫరవాలేదు. దీనికి తల్లికి అక్షరాలు రానక్కరలేదు, వినే ఓపిక ఉంటే చాలు.

రాతకూ ఇదే వర్తిస్తుంది. ఒకే వాక్యాన్ని పదిసార్లు ఎక్కించడం వల్ల దస్తూరీ బాగుపడవచ్చునేమో గాని రాయడం రాదు. 'ఈరోజు నానీ వచ్చింది, జామకాయలు తెచ్చింది' అని బిడ్డ తన సొంత మాట రాయాలి. నాలుగు తప్పులుంటే ముందు ఒకటి దిద్దండి. పేజీ నిండా ఎర్రసిరా చూసిన చెయ్యి మళ్ళీ కలం పట్టదు.

కొలమానం ఏది?

హిజ్రీ 2వ సంవత్సరంలో, అంటే క్రీ.శ. 624లో బద్ర్ యుద్ధం జరిగింది. ఆ యుద్ధంలో పట్టుబడిన ఖైదీల్లో పరిహారం చెల్లించలేని అక్షరాస్యులు, మదీనా పిల్లల్లో పదేసి మందికి రాయడం నేర్పితే విడుదల చేసేలా దైవప్రవక్త ముహమ్మద్ (స) ఏర్పాటు చేశారని చరిత్ర గ్రంథాలు చెబుతున్నాయి. ఇన్ని రోజులు నేర్పాలన్న లెక్క అక్కడ లేదు. పిల్లలకు బాగా వచ్చినప్పుడే ఆ పరిహారం చెల్లినట్లు.

మన బడులకు, మన ఇళ్ళకు కూడా ఇదే కొలమానం కావాలి. ఎన్ని పాఠాలు అయ్యాయి, ఎన్ని నోటుపుస్తకాలు నిండాయి అని కాక, బిడ్డకు వచ్చిందా లేదా అని చూడాలి. ఈ జుమా రోజు నమాజు ముగించుకుని ఇంటికి రాగానే మీ బిడ్డను పక్కన కూర్చోబెట్టుకోండి. వాచకం పక్కన పెట్టి, ఈ పేపర్లోంచే ఒక చిన్న వార్త చదివించండి. చదివితే మెచ్చుకోండి. తడబడితే కోప్పడక, ఏ అక్షరం దగ్గర ఆగాడో గుర్తుపెట్టుకుని, సోమవారం బడికి వెళ్ళి ఉపాధ్యాయుడికి ఆ సంగతి చెప్పండి.