చెవి ఒగ్గిన విలేకరి

2018 చివర్లో మా అక్క పురిటికి అమెరికా వెళ్లాల్సొచ్చింది. అంత దూరం ఒక్కదాన్నే విమానం ఎక్కలేనని అమ్మ అంటే తోడుగా నేనూ బయల్దేరాను. అక్కావాళ్లుండేది మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్‌కి దగ్గర్లో. బయట మంచు, లోపల పసిబిడ్డ. ఇంక కాలక్షేపమంటే వంటింట్లో అక్క పెట్టుకునే రేడియోనే. అందులో పాటలు రావు, అన్నీ మాటలే. 'మిషిగన్ రేడియో' అట. మిషిగన్ విశ్వవిద్యాలయం తరఫున నడిచే పబ్లిక్ రేడియో. ఇప్పుడు 'మిషిగన్ పబ్లిక్' అని పేరు మార్చుకుంది. శ్రోతలిచ్చే చందాలే దానికి పెద్ద ఆధారం. 2025లో అక్కడి కాంగ్రెస్ పబ్లిక్ ప్రసారాలకిచ్చే కేంద్ర నిధులు రద్దు చేశాక ఆ చందాల అవసరం ఇంకా పెరిగింది.

ఆ స్టేషన్ వాళ్లు అప్పుడే 'బిలీవ్డ్' అనే ధారావాహిక మొదలుపెట్టారు. 'నమ్మారు' అని అర్థం. చెప్పేది ఇద్దరు ఆడ విలేకరులు, కేట్ వెల్స్, లిండ్సే స్మిత్. అక్క బిడ్డకి పాలిస్తూ ఫోన్లో పెట్టుకుని వింటుంటే, నేను పక్కన కూర్చుని అమ్మకి తెలుగులో చెప్పేదాన్ని.

కథ లారీ నాసర్ అనే డాక్టరుది. అమెరికా జిమ్నాస్టిక్స్ జట్టుకీ, మిషిగన్ స్టేట్ యూనివర్సిటీకీ పెద్ద పేరున్న వైద్యుడు. నడుంనొప్పనీ, తుంటినొప్పనీ వచ్చిన ఆడపిల్లల్ని చికిత్స పేరుతో ఏళ్ల తరబడి పాడుచేశాడు. ఎన్నోసార్లు ఆ పిల్ల తల్లి అదే గదిలో కుర్చీలో కూర్చునే ఉంది! తల్లికి కనబడకుండా తను అడ్డంగా నిలబడి, ఆమెతో కబుర్లు చెబుతూనే ఆ పని చేసేవాడు.

పోనీ, ఎవరూ చెప్పలేదా అంటే, చెప్పారు. 1997లోనే ఓ పదహారేళ్ల పిల్ల తన కోచ్‌కి చెప్పింది. ఆవిడ నమ్మలేదు. 2004లో ఇంకో అమ్మాయి పోలీసుల దాకా వెళ్లింది. డాక్టరుగారు కంప్యూటర్లో బొమ్మలు చూపించి ఇదంతా వైద్యమేనన్నారు, కేసు మూసేశారు. 2014లో మరొకామె విశ్వవిద్యాలయానికి ఫిర్యాదిచ్చింది. మళ్లీ అదే తంతు. చివరికి 2016లో 'ఇండియానాపొలిస్ స్టార్' పత్రిక సంగతి బయటపెట్టింది. 2018 జనవరిలో ఒక్క కోర్టులోనే 156 మంది బాధితుల మాటలు వినిపించాయి. ఆ డాక్టరు బతికుండగా బయటికొచ్చే వీలు లేకుండా శిక్ష పడింది.

తీర్పు రాగానే టీవీల వాళ్లు ఇంకో వార్తకి వెళ్లిపోతారు. స్థానిక విలేకరికి ఆ వీలు లేదు. రేపు కూరగాయల కొట్లో ఎదురుపడేది ఆ తల్లులే మరి. కేట్, లిండ్సే పట్టుకున్న ప్రశ్న "వాడెంత దుర్మార్గుడు?" కాదు. "పిల్లలు చెబుతూనే ఉన్నారే, వినాల్సినవాళ్లు ఎందుకు వినలేదు?" అని. నమ్మిన మనిషి గురించీ చెప్పారు. ఆండ్రియా మన్‌ఫర్డ్ అనే పోలీసు డిటెక్టివ్. ఫిర్యాదు చెయ్యడానికొచ్చిన అమ్మాయిని ముందు నమ్మి, తర్వాత దర్యాప్తు చెయ్యడం ఆవిడ పద్ధతి. తల్లిదండ్రుల ముందూ మైకు పెట్టారు. "నీ కళ్లెదుట జరుగుతుంటే నువ్వేం చేస్తున్నావు?" అని నిలదియ్యలేదు. వాళ్లంతట వాళ్లు మాట్లాడేదాకా ఊరుకున్నారు.

ఆ భాగం తెలుగులో చెప్పి తలెత్తి చూస్తే అమ్మ చేతిలో చిక్కుడుకాయలు అలాగే ఉన్నాయి. చాలాసేపటికి అంది, "నువ్వు తొమ్మిదో తరగతిలో చెప్పావు కదే."

అవును, చెప్పాను. జ్వరం వచ్చి వెళితే మా ఊళ్లో ఓ డాక్టరు స్టెతస్కోపు పెట్టాల్సిన చోట చెయ్యి పెట్టాడు. ఇంటికొచ్చి అమ్మకి చెబితే, "ఛ, డాక్టరుగార్ని అలా అనొచ్చా!" అని కసిరింది. ఆ తర్వాత ఆ మాట మా ఇద్దరి మధ్యా ఇరవయ్యేళ్లపాటు రాలేదు. ఎక్కడో అయోవా రాష్ట్ర రేడియోలో పనిచేసి మిషిగన్‌కి వచ్చిన ఓ అమ్మాయి మా అమ్మచేత ఆ మాట అనిపించింది. ఆ సంగతి ఆవిడకి తెలియదు కూడా.

ఆ ధారావాహికకి పీబడీ అవార్డు వచ్చింది. తర్వాత కేట్ ప్రజారోగ్యం వార్తలు చూడటం మొదలుపెట్టింది. కరోనా వార్తలు రాసింది. 2022లో అమెరికా సుప్రీంకోర్టు గర్భస్రావం హక్కుని ఎత్తేశాక ఆ క్లినిక్‌లకి వెళ్లింది. ఓ రోగి ఒప్పుకుంటే, పేరు చెప్పకుండా, ఆ గదిలో చప్పుళ్లని రికార్డు చేసింది. మిషన్ మోత, మూలుగు, పక్కనున్నామె ఊరడింపు. ఆ నవంబరు 3న, రాష్ట్రంలో ఇదే విషయం మీద ఓటింగుకి అయిదురోజుల ముందు, దేశమంతా ప్రసారమైంది. ఇలాంటివి పొద్దున్నే రేడియోలో వినిపిస్తారా అని మండిపడ్డవాళ్లున్నారు, మెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. నాకైతే ఆ మండిపాటు కొత్తగా అనిపించలేదు. మనకి 1971 నుంచీ చట్టం ఉంది, అయినా ఆ మాట మనం గుసగుసగానే అంటాం కదండీ! గర్భస్రావాల మీద ఆ రేడియో చేసిన కథనాలు 2023లో పులిట్జర్ బహుమతి తుది జాబితా దాకా వెళ్లాయి.

మనకీ ఆరోగ్యం పేజీలకి కొదవ లేదు. బీపీకి ఏం తినాలి, షుగరుకి ఏం మానాలి అన్నీ చెబుతాయి. రోగి ఏం చెప్పిందో, ఆసుపత్రిలో ఆ మాట ఎవరు విన్నారో రాసేది మాత్రం తక్కువ. కథలు రాసుకునేదాన్ని, నాకూ ఇన్నాళ్లు తట్టలేదు.

మొన్న మా అమ్మాయికి కడుపునొప్పి వస్తే అమ్మా నేనూ కలిసి తీసుకెళ్లాం. పరీక్షగదిలో తెర లాగుతూ నర్సు, "పెద్దావిడ బయట కూర్చోండమ్మా" అంది. అమ్మ కదల్లేదు. "కూర్చోడానికి రాలేదమ్మా, ఇక్కడే నిలబడతాను" అని తెర లోపలికి వెళ్లి మనవరాలి తల దగ్గర నిలబడింది. ఇంటికొచ్చేదారిలో ఆటోలో దాని చెయ్యి పట్టుకుని అడిగింది, "డాక్టరుగారు ఎక్కడెక్కడ నొక్కి చూశారు? నీకేమైనా ఇబ్బందిగా అనిపించిందా?"

"లేదు అమ్మమ్మా, చెయ్యి మాత్రం చల్లగా ఉంది" అంది మా పిల్ల.