వెంట్రుకంత సందు... వేల రూపాయల పని!

"ఇంజన్ పోయిందమ్మా, దించాలె" అని మెకానిక్ ఒక్క మాట అనేసరికి ఇంట్లో లెక్కలన్నీ తలకిందులవుతాయి. షెడ్డు దగ్గర నిలబడి మాట్లాడేది మగవాళ్లే కావచ్చు. కానీ చీటీ ఎత్తి డబ్బు సర్దేదీ, అవసరమైతే గొలుసు కుదువ పెట్టేదీ చాలా ఇళ్లలో ఇల్లాలే. అంత డబ్బు పోసి చేయించిన ఇంజన్ నెల తిరక్కుండానే మళ్లీ మొండికేస్తే? అలా కాకుండా చూసుకోవడానికి ఒక్క కొలత గురించి తెలుసుకుంటే చాలు. దాని పేరు పిస్టన్ క్లియరెన్స్.

అంబాసిడర్, మారుతి 800 రెండూ 2014లో ఆగిపోయాయి. ప్రీమియర్ పద్మిని అంతకు పదేళ్లకు పైగా ముందే ఆగింది. అయినా మన నల్లగొండ, పాలమూరు ఊళ్లలో అవి అక్కడక్కడా తిరుగుతూనే ఉన్నాయి. కొన్ని మామగారి జ్ఞాపకంగా, కొన్ని పొట్టకూటి కోసం. ఇలాంటి బళ్లకు కొత్త ఇంజన్ దొరకదు కాబట్టి ఉన్నదాన్నే బాగుచేయించుకోవాలి.

ఇంతకీ ఏమిటా సందు?

సైకిల్ పంపులో పైకీ కిందికీ ఆడే ముక్క ఉంటుంది కదా, పిస్టన్ అలాంటిదే. అది ఆడే గొట్టాన్ని బోరు అంటారు. (పాలమూరులో బోరు అనగానే నీళ్లు పడ్డాయా అని అడుగుతారు, ఇది వేరే బోరు!) పిస్టన్‌కీ బోరు గోడకీ మధ్య కాస్త ఖాళీ ఉండాలి. అందులో ఆయిల్ పొరలా నిలుస్తుంది.

ఖాళీ ఎందుకంటారా? ఒకదాంట్లో ఒకటి ఇరుక్కున్న స్టీలు గ్లాసుల్ని మీరెలా విడదీస్తారు? లోపలి దాంట్లో చల్లనీళ్లు పోసి, బయటిదాన్ని వేణ్ణీళ్లలో పెడతారు. వేడికి లోహం వ్యాకోచిస్తుంది, చల్లదనానికి ముడుచుకుంటుంది. పిస్టన్ అల్యూమినియంది, బోరు పోత ఇనుముది. అదే వేడికి అల్యూమినియం ఇనుముకన్నా దాదాపు రెండింతలు పెరుగుతుంది. పైగా నిప్పు మండేది పిస్టన్ నెత్తిమీదే. సందు తక్కువైతే వేడెక్కిన పిస్టన్ గోడకు పట్టేస్తుంది. దాన్నే ఇంజన్ సీజ్ అయిందంటారు. సందు ఎక్కువైతే పొద్దున్నే స్టార్ట్ చేయగానే టకటకమని చప్పుడు, వేడెక్కాక కాస్త తగ్గుతుంది. వెనకాల నీలం పొగ, నెలనెలా ఆయిల్ ఖర్చు.

ఎంత ఉండాలో చెప్పడానికి గాజులు సాయపడతాయి. రెండుంబావు గాజుకీ రెండున్నర గాజుకీ తేడా పావు అంగుళం. మెకానిక్కులు అంగుళాన్ని వెయ్యి భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని 'థౌ' అంటారు. అంటే మీ రెండు గాజుల తేడా 250 థౌలు. పాత పెట్రోలు కార్లలో పిస్టన్ పక్కన ఉండాల్సిన సందు మామూలుగా ఒకటి నుంచి మూడు థౌలు. తల వెంట్రుక మందం కూడా ఇంచుమించు అంతే. ఏ బండికి సరిగ్గా ఎంతో కంపెనీ పుస్తకంలోనో, పిస్టన్ డబ్బా మీదో ఉంటుంది. డీజిల్ ఇంజన్ల లెక్క వేరు.

"చేతితో చూస్తె తెల్వదా?"

"గివన్నీ కొలిచేదేముందమ్మా, ఇరవై ఏండ్ల సంది చేస్తున్న, చేతితో చూస్తె తెల్వదా?" అనేవాళ్లుంటారు. పని తెలిసినవాళ్ల చేతుల్ని తక్కువ చేయనక్కర్లేదు. అరిగిన బోరు పైఅంచున మెట్టులా తగిలేదాన్ని వేలితోనే పట్టేస్తారు. కానీ ఒక థౌకీ మూడు థౌలకీ తేడా ఏ వేలికీ అందదు.

మా దూరపు బంధువు ఒకావిడది మిర్యాలగూడ వైపు. భర్త అంబాసిడర్ టాక్సీ నడిపేవాడు. ఇంజన్ దింపి, కొత్త స్లీవులు, కొత్త పిస్టన్లు వేయించారు. మూడోరోజు, నడి వేసవిలో, నార్కట్‌పల్లి దాటకముందే బండి ఆగిపోయింది. విప్పి చూస్తే రెండు పిస్టన్ల పక్కలు గీరుకుపోయి ఉన్నాయి. బోరు ఎంత ఉందో, పిస్టన్ ఎంత ఉందో కొలిచిన కాగితమే లేదు. షెడ్డువాళ్లు డ్రైవర్ స్పీడ్‌ని తప్పుపట్టారు, డ్రైవర్ షెడ్డుని. మధ్యలో చీటీ డబ్బు పోయింది ఆవిడది.

కొలిచే పద్ధతి కష్టమేం కాదు. ముందు పిస్టన్లు కొనాలి, తర్వాతే బోరు చేయించాలి. జాకెట్టు కుట్టాక ఒళ్లు కొలవం కదా! బోరు పాతది అరిగిపోతే కాస్త పెద్దది చేసి, ఓవర్‌సైజ్ పిస్టన్ వేస్తారు. 'ఇరవై సైజు' అంటే 20 థౌలు పెద్దదన్నమాట. డబ్బా మీద సైజు ఉంది కదా అని వదిలేయకుండా ఒక్కో పిస్టన్‌నీ మైక్రోమీటర్‌తో కొలిచి, ఏది ఏ బోరులోకో నంబరు వేయాలి.

ఇక్కడో తమాషా ఉంది. పిస్టన్ చూడ్డానికి గుండ్రంగా ఉంటుంది గానీ నిజానికి కాదు. పిన్ను వైపు కాస్త సన్నం, నెత్తి దగ్గర ఇంకాస్త సన్నం. వేడెక్కాక గుండ్రం కావాలని అలా చేస్తారు. అందుకే పిన్నుకు అడ్డంగా, కిందివైపు, కంపెనీ చెప్పిన చోటే కొలవాలి. బోరును మాత్రం పైన, మధ్య, కింద, నిలువూ అడ్డమూ ఆరు చోట్ల డయల్ గేజ్‌తో చూడాలి. రెండిటి తేడాయే సందు. ఆ పరికరం లేకపోతే రింగులు లేని పిస్టన్‌ను బోరులో పెట్టి, పక్కన ఫిల్లర్ గేజ్ రేకు దూర్చి, ఎంత పట్టుతో వస్తుందో చూస్తారు. అది రెండో రకం పరీక్షే అయినా, అసలు లేనిదానికన్నా నయం.

మన ఎండలు, మన నీళ్లు

రోహిణి కార్తెలో ఒక జాగ్రత్త. బ్లాక్ ఎండలో, పిస్టన్లు నీడలో ఉండగా కొలిస్తే లెక్క తప్పుతుంది. 70 మిల్లీమీటర్ల బోరు 20 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే అర థౌకి పైనే పెద్దదిగా కనబడుతుంది. రెండు థౌల సందులో అర థౌ తక్కువేం కాదు. బోరింగ్ చేసి అప్పుడే దించిన బ్లాకూ అంతే. రాత్రంతా రెండూ ఒకేచోట ఉంచి, పొద్దున్నే కొలిస్తే పేచీ లేదు.

రెండోది నీళ్లు. నల్లగొండ పేరు చెబితే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. కానీ ఇంజన్‌కు శత్రువు ఫ్లోరైడ్ కాదు, నీళ్లలోని సున్నం. బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లపొర కడుతుంది చూడండి, రేడియేటర్‌లోనూ, బ్లాక్ లోపలి నీటి దారుల్లోనూ అదే కడుతుంది. వేడి బయటికి పోదు, పిస్టన్ ఉబ్బుతుంది, ఎంత సరిగా పెట్టిన సందైనా పూడిపోతుంది. అచ్చంపేట దాటి మన్ననూరు నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు ఈ సంగతి బయటపడుతుంది. కాబట్టి ఇంజన్ విప్పినప్పుడే ఆ దారులు కడిగించండి. తర్వాత బోరు నీళ్లు కాకుండా కూలంట్ పోయించండి.

హెడ్‌ను చెక్కించి నున్నగా చేయిస్తే వాల్వులు పిస్టన్‌కు దగ్గరవుతాయి. ఆ సందు చూడ్డానికి మెకానిక్కులు మెత్తటి మైనపు మట్టిని పిస్టన్ మీద పెడతారు. హెడ్ బిగించి, క్రాంక్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి, విప్పి, అణిగిన మట్టి మందం కొలుస్తారు. పూరీ పిండి ముద్ద నొక్కి చూసినట్టే!

అడగడానికి మొహమాటం అక్కర్లేదు. 1888లో జర్మనీలో బెర్తా బెంజ్ ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్ దాకా కారు నడిపింది. దారిలో పెట్రోలు గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో తానే తీసుకుంది. మనం పిన్ను పట్టనక్కర్లేదు, "భాయ్, ఎన్ని థౌ పెట్టిన్రు? రాసియ్యుండ్రి" అంటే చాలు. వనపర్తి రాజభవనంలో పెట్టిన పాలిటెక్నిక్‌లోనో మరోచోటో మెకానికల్ చదువుతున్న అమ్మాయి చుట్టాల్లో ఉంటే వెంట తీసుకెళ్లండి. గేజ్ మీద అంకె చదివిపెడుతుంది.

అన్ని బోర్లు, అన్ని పిస్టన్ల కొలతలు బిల్లు వెనకాల రాయించి, సంతకం పెట్టించి, ఆర్‌సీతో పాటు భద్రం చేయండి. మళ్లీ ఎప్పుడైనా ఇంజన్ విప్పితే ఎంత అరిగిందో ఆ కాగితమే చెబుతుంది. బండి బయటికొచ్చాక మొదటి వెయ్యి కిలోమీటర్లు మెల్లగా నడపాలి, బరువు వేయకూడదు, ఆ తర్వాత ఆయిల్ మార్చాలి. శ్రీశైలం మొక్కు ఉంటే అప్పటిదాకా ఆగాల్సిందే.