నిలువు ఇటుక గోడ

ఇల్లు కట్టబూనిన రైతు భూమిని తాకట్టు పెట్టుట మనము చూచుచునే యున్నాము. కావున లారీ బేకరుగారి (1917-2007) పద్ధతిని మన సభ్యులు తెలిసికొనవలెనని మా కోరిక. ఇంగ్లండున పుట్టిన ఆయన కుష్ఠరోగుల వైద్యశాలలు కట్టుటకై 1945లో మనదేశమునకు వచ్చిరి. భార్యయగు డాక్టరు ఎలిజబెత్తుగారితో పిథోరాగఢ్ కొండలలో పెక్కేండ్లుండి, తుదకు తిరువనంతపురమున స్థిరపడిరి. కాగితముమీది నక్షాలకంటె, పనిచోటనే మేస్త్రీలతో మాటలాడి నిర్ణయించుట వారి వాడుక.

వారు ప్రచారము చేసిన గోడలో ఇటుకలను పడుకొనబెట్టక, అంచుపై నిలిపి, నడుమ బోలు విడిచెదరు. గోడ మందము 9 అంగుళములే. ఇటుకలు మాత్రము నూటికి సుమారు 25 మిగులును. అడుసును తగ్గును. బోలులోని గాలి యెండవేడిమిని లోనికి త్వరగా రానీయదు. కాంక్రీటు కప్పులో అడుగుభాగపు కాంక్రీటు బరువే కాని బలమునకు అంతగా తోడ్పడదు. కావున అచ్చట ఇనుప కమ్ముల నడుమ పాత పెంకులను అమర్చెదరు.

అయితే అంచులు సరిలేని ఇటుకకు ఈ కట్టుబడి కుదురదు. (మన బట్టీల సంగతి వేరుగా చెప్పవలెనా?) గోడ మూలలను, ద్వారముల ప్రక్కలను బోలు విడువక కట్టవలెను. నల్లరేగడిలో పునాదికి పొదుపు కూడదు. మేస్త్రీ ఈ పనికి క్రొత్తవాడైనచో, ముందుగా పశువులకొట్టమునకు ఒక గోడ కట్టించి చూడుడు.