సురయ్యా హసన్ బోస్

సురయ్యా హసన్ బోస్ (1928 - 2021) హైదరాబాదుకు చెందిన ప్రముఖ చేనేత వస్త్ర రూపకర్త. "జైహింద్" నినాదకర్తగా పేరొందిన ఆబిద్ హసన్ సఫ్రానీ ఈమెకు పినతండ్రి. ఢిల్లీలో పుపుల్ జయకర్‌తో కలసి చేనేత ఎగుమతుల రంగంలో పనిచేసి, ఆ తరువాత హైదరాబాదుకు తిరిగివచ్చింది.

నిజాం సంస్థానంలో ప్రభువర్గాల షేర్వాణీలకు హిమ్రూ వస్త్రం ప్రసిద్ధి. ఔరంగాబాదు దీనికి ముఖ్య కేంద్రం. హిమ్రూలో పడుగు నూలు. పట్టు పేకతో పూలు తీరుస్తారు. మష్రూలో పట్టు పైకి కనిపిస్తుంది, నూలు ఒంటిని తాకుతుంది. 1948లో నిజాం పాలన ముగిశాక పోషకులు కరవై ఈ నేత క్షీణించింది.

సురయ్యా అనుభవజ్ఞుడైన నేతగాని చేత వితంతువులకు ఈ పని నేర్పించి, జీవనోపాధి కల్పించింది. నేతపనివారి పిల్లలకై సఫ్రానీ స్మారక పాఠశాలను స్థాపించింది. ఆ విధంగా ప్రభువుల వస్త్రం పేద స్త్రీల చేతులలో నిలిచింది.