రసాయన ప్రమాద సమాచారాన్ని దాచడం – చట్టపరమైన శిక్షలు: ఒక పరిశీలన

సారాంశం:
కర్మాగారం నుండి అపాయకర రసాయనం వెలువడినప్పుడు ఆ సంగతిని అధికారులకు తెలపడం చట్టబద్ధమైన విధి. ఆ విధిని ఉల్లంఘించినవారికి భారతీయ చట్టాలు విధించే శిక్షలను, 2023 సవరణతో వాటి స్వభావంలో వచ్చిన మార్పును ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: పర్యావరణ పరిరక్షణ చట్టం, సమాచార విధి, అపరాధ రుసుము, జన విశ్వాస్ చట్టం.

ప్రవేశిక:
1984 డిసెంబరు 2-3 తేదీల రాత్రి భోపాల్‌లో మిథైల్ ఐసోసయనేట్ వాయువు వెలువడి వేలాదిమంది మరణించారు. ఆ వాయువు ఏమిటో, దానికి చికిత్స ఏమిటో తెలియక వైద్యులు సైతం నిస్సహాయులయ్యారు. ప్రమాదం ఎంత ఘోరమైనదో, దాన్ని గురించిన సమాచారం లేకపోవడం అంత ఘోరమైనదని ఆ దుర్ఘటన నిరూపించింది. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం ఈ నేపథ్యంలోనే రూపొందింది.

సమాచార విధి – స్వరూపం:
ఈ చట్టంలోని 9వ సెక్షన్ ప్రకారం, ప్రమాదవశాత్తు కాలుష్య కారకం నిర్ణీత ప్రమాణాలకు మించి వెలువడితే, అందుకు బాధ్యుడైన వ్యక్తి, ఆ స్థలాన్ని నిర్వహించే వ్యక్తి ఆ సంగతిని వెంటనే అధికారులకు తెలియజేయాలి. వెలువడే అవకాశం ఉందని భయపడినా తెలియజేయవలసిందే. అంటే ప్రమాదం జరిగేదాకా వేచి ఉండడానికి చట్టం అనుమతించదు. కాలుష్యాన్ని అరికట్టడం, అధికారులు కోరితే సహకరించడం కూడా ఈ విధిలో భాగాలే. నివారణ చర్యలకు ప్రభుత్వ సంస్థలు చేసిన ఖర్చును వడ్డీతో సహా బాధ్యుల నుండి రాబట్టవచ్చు.

అపాయకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతి నియమాలు (1989) ప్రకారం భారీ ప్రమాదాన్ని 48 గంటల్లోగా సంబంధిత అధికారికి తెలిపి, ఆపై సవివరమైన నివేదిక సమర్పించాలి. ఈ గడువు 9వ సెక్షన్‌లోని తక్షణ విధిని సడలించదు. ప్రమాదానికి గురికాగల పరిసర ప్రజలకు ముందుగానే సమాచారం అందించాలని కూడా ఈ నియమాలు నిర్దేశిస్తున్నాయి.

శిక్షలు – నాడు, నేడు:
మూల చట్టంలోని 15వ సెక్షన్ ఉల్లంఘనకు అయిదేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించేది. 2023 నాటి జన విశ్వాస్ చట్టం ఈ జైలుశిక్షను తొలగించింది. 2024 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన 14-ఎ సెక్షన్ ప్రకారం, 9వ సెక్షన్‌ను ఉల్లంఘించినవారు లక్ష నుండి 15 లక్షల రూపాయల వరకు అపరాధ రుసుము చెల్లించాలి. ఉల్లంఘన కొనసాగితే రోజుకు 50 వేల రూపాయలు అదనం. దీనిని కోర్టు గాక న్యాయనిర్ణయాధికారి నిర్ణయిస్తారు. అప్పీలు జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్తుంది. విధించిన రుసుమును 90 రోజుల్లో చెల్లించకపోతే మాత్రం మూడేళ్ల వరకు జైలుశిక్షకు అవకాశం ఉంది.

విశాఖ అనుభవం:
2020 మే 7 వేకువన విశాఖపట్నంలోని ఆర్.ఆర్. వెంకటాపురం వద్ద ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుండి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించారు. కర్మాగారంలో సైరన్ వ్యవస్థ ఉన్నప్పటికీ దానిని మోగించలేదని రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది. నిద్రలో ఉన్నవారికి హెచ్చరిక అందలేదు. మరునాడే హరిత ట్రిబ్యునల్ 50 కోట్ల రూపాయలు జమ చేయాలని సంస్థను ఆదేశించింది. నష్టపరిహార బాధ్యత, సమాచారం ఇవ్వనందుకు పడే శిక్ష వేర్వేరు అంశాలని ఇక్కడ గుర్తించాలి.

ముగింపు:
కోర్టు విచారణల జాప్యం లేకుండా త్వరగా చర్య తీసుకోవడానికి కొత్త విధానం వీలు కల్పిస్తుంది. అయితే పెద్ద పరిశ్రమకు 15 లక్షల రూపాయలు భారం కాకపోవచ్చు. మౌనం ఖరీదు సమాచారమివ్వడం వల్ల కలిగే నష్టం కన్నా తక్కువైతే చట్టం లక్ష్యం నెరవేరదు. వాయువు వ్యాపించేది నిమిషాల్లో. ఆ నిమిషాల్లో అందిన కబురే ప్రాణాలను నిలబెడుతుంది. కనుక రోజువారీ అదనపు రుసుమును కచ్చితంగా అమలు చేయడం, పరిసర ప్రజలకు తమ హక్కులను తెలియజేయడం అత్యవసరం.