మారుమనస్సు: ఒక పదవిచారము

తెలుగు క్రైస్తవ వాఙ్మయమున తరచుగా కానవచ్చు పదములలో 'మారుమనస్సు' ఒకటి. బోధలయందును, ప్రార్థనలయందును ఇది విరివిగా వాడబడుచున్నది. అయినను వాడుకలో దీని యర్థము కుంచించుకొనిపోయి, ఒక మతమును విడిచి వేఱొక మతమున చేరుటయే మారుమనస్సని పలువురు తలంచుచున్నారు. చేరిక ముగిసిన పిమ్మట మారవలసిన దేమియు లేదను భావము కూడ దాని వెంట వచ్చినది. మూలగ్రంథమున ఈ పదమున కిట్టి పరిమితి కలదా యని విచారించుటయే మా యుద్దేశము.

'మారు' దేశ్యము, 'మనస్సు' తత్సమము, రెండును కలిసి మిశ్రసమాసమైనది. మారుపేరు, మారువేషము అనుచోటులందువలె ఇచ్చటను 'మారు' శబ్దమునకు 'వేఱైన' యని యర్థము. వేషము మారినను మనిషి మారడు. ఈ సమాసమున మారునది మనస్సే. దీనికి మూలము గ్రీకు భాషలోని 'మెటానోయా'. అందు పూర్వపదము మార్పును, ఉత్తరపదము బుద్ధిని, అనగా లోకమును చూచు తీరును తెలుపును. దీనికి వెనుక హీబ్రూ ప్రవక్తలు వాడిన 'షూబ్' అను ధాతువు కలదు. దాని కర్థము 'మరలుట'. దారి తప్పినవాడు తిరిగి త్రోవకు వచ్చుట.

ఈ భావమునకు సన్నిహితములైన పదములు మనకు మఱి రెండు కలవు. మొదటిది ప్రాయశ్చిత్తము. దానికి విధియు, పరిమాణమును, ముగింపును కలవు. చేసినవాడు ఋణము తీర్చినవానివలె లేచిపోవచ్చును. రెండవది పశ్చాత్తాపము. అది జరిగినదానిని తలంచి కుములుట. దాని చూపు వెనుకకే. మారుమనస్సు ఈ రెండింటికంటె భిన్నము. యేసును అప్పగించిన యూదా విషయమున మత్తయి సువార్త 'మెటానోయా' సంబంధమైన క్రియను వాడక, దుఃఖించుటను తెలుపు వేఱొక క్రియను వాడినది. తెలుగు బైబిలు ఆ భేదమును గుర్తించి అచ్చట పశ్చాత్తాపమనియే చెప్పినది. యూదా దుఃఖము నిజమైనదే. కాని అది అతనిని క్రొత్త త్రోవకు మరలింపక మృత్యువునకు నడపినది.

పాశ్చాత్యదేశములందు ఈ భేదము చిరకాలము మఱుగుపడినది. లాటిను బైబిలునందు యేసు తొలిపిలుపు 'ప్రాయశ్చిత్తము చేయుడు' అని యర్థమిచ్చు మాటలలో నుండెను. కాలక్రమమున ఆ మాటలు పాపమును గురువుతో చెప్పుకొని, అతడు విధించిన నియమమును నెరవేర్చుటయను కర్మకాండతో ముడిపడెను. 15వ శతాబ్దిలో లోరెంజో వల్లా యను ఇటలీ పండితుడు గ్రీకు మూలముతో పోల్చి ఈ అనువాదమును విమర్శించెను. అతని వ్యాఖ్యలను 1505లో ప్రకటించిన ఎరాస్మస్, 1516లో గ్రీకు క్రొత్త నిబంధనను ముద్రింపించెను. మరుసటి యేట, అనగా 1517లో, మార్టిన్ లూథర్ తన తొంబదియైదు ప్రతిపాదనలలో మొదటిదానియందే, విశ్వాసి జీవితమంతయు మారుమనస్సుగా నుండవలెననుట క్రీస్తు అభిమతమని చెప్పెను. ఒక పదమును సరిగా చదువుటకును, ఒక మహోద్యమమునకును ఇంతటి దగ్గరి సంబంధ ముండుట భాషాభ్యాసకులు గమనింపదగినది.

జీవితమంతయు మారుమనస్సనుట అతిశయోక్తి కాదనుటకు పేతురు చరిత్రమే నిదర్శనము. అపొస్తలుల కార్యముల రెండవ అధ్యాయమున మారుమనస్సు పొందుడని యెరూషలేములోని జనులకు బోధించినవా డతడే. పదియవ అధ్యాయమున మారవలసినవాడును అతడే. యొప్పే పట్టణమున చర్మకారుడైన సీమోను ఇంట అతడు బసచేసి యుండగా, తన ధర్మశాస్త్రము నిషేధించిన జంతువులను తినుమను దర్శనము ముమ్మారు కలిగెను. ముమ్మారును అతడు సందేహించెను. పిమ్మట కైసరయలో కొర్నేలీ యను రోమను శతాధిపతి ఇంట అడుగుపెట్టి, దేవునికి పక్షపాతము లేదని గ్రహించితినని ఒప్పుకొనెను. కొర్నేలీ అప్పటికే ప్రార్థనయు, దానధర్మములును చేయు దైవభక్తుడు. ఆ కథలో అతనికంటె పేతురు నడచిన దూరమే ఎక్కువ యని మా యభిప్రాయము.

అంతటితో పేతురు మార్పు ముగియలేదు. పౌలు గలతీయులకు వ్రాసిన లేఖనుబట్టి చూడగా, అంతియొకయలో అన్యజనులతో కలిసి భుజించుచుండిన పేతురు, యాకోబు నొద్దనుండి కొందరు రాగానే వారికి భయపడి పంక్తి విడిచెను. పౌలు అతనిని ముఖాముఖిగా నిలదీసెను. సహపంక్తి యెంత లోతైన విషయమో మన దేశమువారికి వేఱుగా చెప్పనక్కఱలేదు. దర్శనము పొందినవాడు సైతము అలవాటులోనికి జారిపోవునని దీనివలన తెలియుచున్నది. 'మారు' శబ్దమునకు తెలుగున 'పర్యాయము' అను నర్థము కూడ కలదు. వ్యుత్పత్తి వేఱైనను, పేతురు విషయమున మారుమనస్సు ఒకమారు కాక పలుమారులు కావలసివచ్చెననుట యథార్థము.

ఇచ్చట ఒక ఆక్షేపము కలుగవచ్చును. ఎల్లప్పుడును మారుచునే యుండవలెనన్నచో మతమునకు నిలుకడ యెక్కడిది? గాలి యెటు వీచిన అటు వంగుటయే మారుమనస్సా? కాదు. క్రీ. శ. 49 ప్రాంతమున యెరూషలేములో జరిగిన సభ ఇందుకు సమాధానము. అన్యజనులకు సున్నతి అవసరము లేదని ఆ సభ నిర్ణయించెను. అయినను విగ్రహార్పితములు మొదలగు నాలుగింటిని వర్జింపవలెనని వ్రాసి పంపెను. నిర్ణయమునకు ముందు వాదము జరిగినది, అనుభవము విన్నారు, ప్రవక్తల వాక్యములతో సరిచూచిరి. మార్పునకు పరీక్ష కలదు. ఆ పరీక్ష ఫలమని బాప్తిస్మమిచ్చు యోహాను ముందే చెప్పియుండెను.

అయితే సంస్కరణ సైతము గడ్డకట్టునని చరిత్ర తెలుపుచున్నది. లూథర్ అనుయాయులు 17వ శతాబ్దినాటికి సిద్ధాంతముల సూక్ష్మవాదములలో చిక్కుకొనగా, 1675లో ఫిలిప్ స్పేనర్ హృదయ పరివర్తనమును మరల ప్రబోధించెను. ఆ ఉద్యమమునకు కేంద్రమైన హాలే నగరమునుండి వచ్చిన బెంజమిన్ షుల్ట్జ్ 18వ శతాబ్ది పూర్వార్ధమున బైబిలును తెలుగు చేయ పూనుకొనెను. అతని అనువాదము అచ్చు కాకపోయినను, తెలుగున బైబిలు అనువాదచరిత్రకు తొలిమెట్టు అదియే. మనస్సు మారవలెనను తపన ఈ విధముగా మన భాషతో కూడ ముడిపడినది. రోమను కథోలిక సంఘము సైతము రెండవ వాటికన్ మహాసభ 1964లో ప్రకటించిన ఐక్యతాశాసనమున, సంఘమునకు నిరంతర సంస్కరణ ఆవశ్యకమని అంగీకరించినది.

కావున మారుమనస్సు బయటివారు లోనికి వచ్చుటకు మాత్రమే ఏర్పడిన వాకిలి కాదు. లోనివారికిని అదియే నిత్యమార్గము. ఇతరులను మారుడని పిలుచు బోధకునికి ఆ పిలుపు మొదట తనకే వర్తించును. ఈ యర్థమును విడిచినచో క్రైస్తవులకు మిగులునది మతము పేరు మాత్రమే. అది మారుపేరే కాని మారుమనస్సు కాదు. ఆ పదమును ఎన్నుకొన్న తొలి అనువాదకులు మన కొక మంచి మాటను ఇచ్చిరి. దాని పూర్ణార్థమును నిలుపుకొనుట వాడుకరుల బాధ్యత.