గోల్కొండ వజ్రాల కోసం వచ్చి మద్రాసు మట్టిలో: ఒక యూదుల శ్మశానం కథ

మేడ్చల్, శామీర్‌పేట నుంచి వీకెండ్‌లో గోల్కొండ వెళ్లి ఫోటోలు దిగేవాళ్లు మీలో చాలామందే ఉంటారు. ఒక చిన్న విషయం. వజ్రాలు దొరికింది కోటలో కాదు. కోట మార్కెట్ అన్నమాట. గనులేమో కృష్ణా ఒడ్డున, కొల్లూరు లాంటి చోట్ల. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది.

ఆ వజ్రాల కోసం యూరప్ యూదు వ్యాపారులు మద్రాసులో దిగారు. మధ్యధరా సముద్రం పగడాలు, వెండి ఇటు, మన వజ్రాలు అటు. చెన్నైలో కోరల్ మర్చంట్ స్ట్రీట్ అనే వీధి ఇప్పటికీ ఉంది, ఆ పగడాల పేరే! 1688లో మద్రాసు కార్పొరేషన్ పెట్టినప్పుడు ఆల్డర్‌మెన్‌లో ముగ్గురు యూదులు.

వాళ్లలో ముందుగా వచ్చిన జాక్ డి పైవా పెద్దనాయకన్‌పేటలో యూదుల శ్మశానం ఏర్పాటు చేశాడు. గనుల పని మీద గోల్కొండ వెళ్లి జబ్బుపడ్డాడు. 1687లో చనిపోయాడు, గోల్కొండ ఔరంగజేబు చేతికి చిక్కిన ఏడాదే. తను పెట్టిన శ్మశానంలోనే తననీ పూడ్చారు. తర్వాత అతని భార్య హీరోనిమా మద్రాసు గవర్నర్ ఎలిహు యేల్‌తో ఉంది. అవును, యేల్ యూనివర్సిటీ పేరు ఆ యేల్‌దే.

ఇక కట్టడం సంగతి. గుమ్మటాలూ మినార్లూ ఊహించుకోకండి. ఈ వ్యాపారులు సెఫార్దీ యూదులు. వాళ్ల పద్ధతిలో సమాధి రాయిని నిలబెట్టరు, నేల మీద పడుకోబెడతారు. రాతి మీద హీబ్రూ అక్షరాలు ఉంటాయి. చనిపోయిన ఏడాది యూదు క్యాలెండర్‌లో ఉంటుంది, అందులోంచి సుమారు 3760 తీసేస్తే మన లెక్క వస్తుంది. శ్మశానాన్ని వాళ్లు 'బేత్ హహాయిమ్' అంటారు, అంటే జీవపు ఇల్లు. మద్రాసు శ్మశానం గేటు మీద రాసిందీ అదే.

అసలు బాధ ఇక్కడ. యూదు ధర్మంలో పూడ్చిన మనిషిని కదిలించకూడదు. కానీ ఊరు పెరిగేకొద్దీ ఈ సమాధుల్ని ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ తరలించారు. 1934లో మొదలైంది, 1983లో లాయిడ్స్ రోడ్డుకు చేరాయి. మిగిలినవి కొన్నే.

చెన్నై వెళ్తే ఒకసారి చూడండి. పూలు తీసుకెళ్లక్కర్లేదు. యూదులు సమాధి మీద చిన్న గులకరాయి పెడతారు.